మీథేన్‌లో సీ-హెచ్ బంధం ఎటు పోయింది?

ప్రశ్న: హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతున్నాను సర్. ప్రాజెక్టు కోసం కంప్యూటర్‌లో మీథేన్ లెక్క వేసి ఆర్బిటాల్స్ (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) బొమ్మలు చూస్తే ఒక్కటీ సీ-హెచ్ బంధంలా లేదు, అన్నీ అణువంతా పరుచుకుని ఉన్నాయి. లోకలైజ్ చెయ్యమని, అంటే ఒక్కో ఆర్బిటాల్‌ను ఒక్కో చోటికి కుదించమని, సీనియర్ ఒకాయన చెప్పాడు. ఎథిలీన్‌కి చేసి చూస్తే బాయ్స్ పద్ధతిలో వంగిన అరటిపండ్లలాంటివి రెండు వచ్చాయి, పిపెక్-మెజీ పద్ధతిలో ఒక సిగ్మా (σ) బంధం, ఒక పై (π) బంధం వచ్చాయి. ఏది కరెక్టు? వచ్చే వారమే వైవా, ఒకటే టెన్షన్.

జవాబు: రెండూ కరెక్టేనమ్మా, తప్పించుకోవడానికి అంటున్న మాట కాదు. మన దిక్కు నలుగురు అన్నదమ్ములు పొలం పంచుకోవడం చూసే ఉంటారు. ప్రతి మడిలోనూ నలుగురికీ పాలు పెట్టొచ్చు, లేదంటే గెట్లు మార్చి ఎవరి బాయి దగ్గర వాళ్లకు ఒక్కచోటే ఇవ్వొచ్చు, ఎట్లా పంచినా మొత్తంలో ఒక్క గుంట పెరగదు, తగ్గదు. హార్ట్రీ-ఫాక్ అనే లెక్క పద్ధతిలో ఎలక్ట్రాన్లతో నిండిన ఆర్బిటాల్స్‌దీ ఇదే కథ. వాటిని వాటిలోవాటికే యూనిటరీ మార్పుతో (కొలత చెడకుండా తిప్పినట్టు) కలిపితే మొత్తం శక్తి, ఎలక్ట్రాన్ సాంద్రత అట్లాగే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మీకు మొదట చూపించింది మడిమడికీ పాలు పెట్టిన పంపకం, అంతే.

ఇక గెట్టు ఎక్కడ వెయ్యాలన్న దగ్గరే పద్ధతులు వేరవుతాయి. 1960 నాటి ఫాస్టర్-బాయ్స్ పద్ధతి ఒక్కో ఆర్బిటాల్‌ను వీలైనంత చిన్న చోటులో కుదిస్తుంది, అంటే వాటి కేంద్రాలను ఒకదానికొకటి దూరంగా నెడుతుంది. ఎథిలీన్‌లో సిగ్మా, పై రెండింటి కేంద్రమూ సీ-సీ మధ్య బిందువే. అందుకే అది ఆ రెండింటినీ కూడి ఒకటి, తీసి ఒకటి చేస్తుంది, ఒకటి అణువు తలానికి పైకి, ఒకటి కిందికి జరుగుతుంది, అవే మీ అరటిపండ్లు. 1989లో వచ్చిన పిపెక్-మెజీ మాత్రం చోటును కాదు, పరమాణువులను లెక్కపెడుతుంది, ఒక్కో ఆర్బిటాల్ ఎంత తక్కువ పరమాణువుల మీద ఉంటే అంత మంచిదంటుంది. సిగ్మా, పై రెండూ అవే రెండు కార్బన్ల మీద ఉన్నాయి కాబట్టి కలిపితే దానికి లాభం లేదు, విడిగానే వదిలేస్తుంది. 1963 నాటి ఎడ్మిస్టన్-రూడెన్‌బర్గ్ కూడా ఉంది కానీ ఖర్చెక్కువ, మీకు అవసరం పడదు.

నన్నడిగితే పై (π) ఎలక్ట్రాన్ల గురించి మాట్లాడేటప్పుడు పిపెక్-మెజీయే వాడతాను. కాకపోతే దాని అసలు రూపం ముల్లికెన్ ఛార్జీల (ఎలక్ట్రాన్లను పరమాణువులకు పంచే ఒక లెక్క) మీద నడుస్తుంది, డిఫ్యూజ్ ఫంక్షన్లు (పరమాణువుకు దూరంగా పరుచుకునేవి) వేస్తే అవి గాడి తప్పుతాయి. అట్లాంటప్పుడు 2013లో క్నిజియా ఇచ్చిన ఇంట్రిన్సిక్ బాండ్ ఆర్బిటాల్స్ పద్ధతి మేలు. కార్బన్ 1ఎస్‌ను మాత్రం (లోపలి ఆర్బిటాల్) పక్కన పెట్టి వేలెన్స్ (బయటి) వాటినే లోకలైజ్ చెయ్యండి, లేకపోతే బాయ్స్ వాటినీ కలిపేస్తుంది.

వైవాలో ఇరికించే ప్రశ్న ఇంకోటుంది. మీథేన్‌లో నాలుగు బంధాలూ సమానమైతే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రమ్‌లో (కాంతితో ఎలక్ట్రాన్లను ఊడగొట్టి తీసే చిత్రం) వేలెన్స్ పట్టీలు రెండెందుకు, దాదాపు 14 దగ్గర ఒకటి, 23 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఒకటి? ఎలక్ట్రాన్‌ను ఊడబీకే లెక్కకు కూప్‌మన్స్ సూత్రం (ఆర్బిటాల్ శక్తే ఎలక్ట్రాన్‌ను ఊడబీకే ఖర్చు) ప్రకారం మొదట వచ్చిన పరుచుకున్న ఆర్బిటాల్సే పనికొస్తాయి, లోకలైజ్ చేసినవి కావు. ఆ పరుచుకున్న వేలెన్స్ ఆర్బిటాల్స్ రెండు వేర్వేరు శక్తుల దగ్గర ఉంటాయి, అందుకే పట్టీలు రెండు. బంధం ఎక్కడుందో చెప్పడానికి, పెద్ద అణువుల్లో కోరిలేషన్ లెక్క (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకోవడాన్ని చూసేది) ఖర్చు తగ్గించడానికి లోకలైజ్ చేసినవి పనికొస్తాయి. అణువు రెట్టింపైతే అట్లాంటి లెక్కల్లో ఒకటైన సీసీఎస్‌డీ(టీ) ఖర్చు 128 రెట్లవుతుంది మరి.

బెంజీన్ జోలికి మాత్రం ఇప్పుడు పోకండి. దాని పై (π) ఎలక్ట్రాన్లు ఊరి చెరువులాంటివి, గీత ఎక్కడ గీసినా ఇంకో చోట కూడా అంతే న్యాయంగా గీయొచ్చు. ఎథిలీన్ బొమ్మలు రెండూ ప్రింటు తీసి, రెండింటి కిందా మొత్తం శక్తి రాసి తీసుకెళ్లండి. ఆ రెండు అంకెలూ ఒకటే కాకపోతే ఖాళీ ఆర్బిటాల్ ఏదో లోపలికి దూరిందని అర్థం, ఈ రాత్రే సరిచూసుకోండి.