లాగ్‌బుక్‌లో బరువు దిద్దకండి, స్టాల్ స్పీడ్ కొలిపించండి

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం, గ్రీన్‌కార్డ్ ఉంది. విమానం నడపాలన్నది మా నాన్నగారి తీరని కోరిక. ఆయన పోయాక స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ (చిన్న విమానాలకు పరిమితమైన లైసెన్స్) తెచ్చుకుని, 2025 మేలో ఒక పెద్దాయన సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం కొన్నాను. ప్రకటనలో ‘లైట్ స్పోర్ట్ కిందికి వస్తుంది’ అని ఉంది. షుగర్ మాత్రలు వాడుతున్నాను, మెడికల్‌కి (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రానికి) ఎప్పుడూ దరఖాస్తు పెట్టలేదు. దాని బదులు చెల్లే డ్రైవింగ్ లైసెన్స్ మీదే ఆగస్టులో రెండుమూడు సార్లు నడిపాను. తర్వాత చూస్తే కాగితాల్లో గరిష్ఠ బరువు 1,550 పౌండ్లని ఉంది. ‘పాత తేదీతో 1,320 అని ఎంట్రీ రాసి సంతకం పెడతా’ అంటున్నారు అమ్మినాయన. ఒప్పుకోవచ్చా? హెచ్1బీ మీదున్న మిత్రుణ్ణి సగం వాటాకి చేర్చుకోవచ్చా?

జవాబు: నాన్నగారి కోరికతో ఈ వ్యవహారం తేలదు. ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) పూర్తిగా ఎత్తి, నిండు బరువుతో ఉన్నప్పుడు మీ విమానం ఎన్ని నాట్ల వేగం దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి? అంతా దాని మీదే ఉంది. ఆ అంకె మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ విమానానికి ఉన్నది ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్ (సొంతంగా కట్టుకున్న విమానాలకిచ్చే) సర్టిఫికెట్. బరువు తగ్గించినంత మాత్రాన అది లైట్ స్పోర్ట్ సర్టిఫికెట్ అయిపోదు. అడగాల్సిన ప్రశ్న, దాన్ని స్పోర్ట్ పైలట్ నడపొచ్చా అని. 2025 అక్టోబర్ 22 దాకా దీనికి లైట్ స్పోర్ట్ పాత నిర్వచనమే కొలత: నేల మీద దిగే విమానానికి 1,320 పౌండ్లు, ఫ్లాప్స్ లేకుండా స్టాల్ 45 నాట్లు, గరిష్ఠ వేగం 120 నాట్లు, రెండు సీట్లు, ముడుచుకోని చక్రాలు. పైగా మొదటి సర్టిఫికేషన్ నాటి నుంచీ ఎడతెగకుండా ఆ హద్దుల్లోనే ఉండాలి. ఒకసారి 1,550తో సర్టిఫై అయ్యాక, తర్వాత ఎంత తగ్గించినా ఆ నిర్వచనంలోకి రాదు. కాబట్టి ఆగస్టులో మీరు నడిపింది మీ సర్టిఫికెట్ ఒప్పుకోని విమానం. డబ్బు కట్టేముందు ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రీ నుంచి దాని ఫైలు తెప్పించుకుని, లాగ్‌బుక్, వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీటు చదివి ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు. ప్రకటన చూసి విమానం కొనడమేమిటండీ?

అక్టోబర్ 22 నుంచి మొజాయిక్ అనే ఎఫ్‌ఏఏ కొత్త నిబంధనలతో స్పోర్ట్ పైలట్‌కి ఆ బరువు పరిమితి పోయింది. ఇప్పుడు గరిష్ఠ బరువు దగ్గర, అత్యంత ప్రతికూలమైన సీజీతో (గురుత్వ కేంద్రంతో), ఫ్లాప్స్ లేకుండా స్టాల్ 59 నాట్లు దాటకూడదు. అంటే, అమ్మినాయన రాస్తానంటున్న అబద్ధం ఇవాళ అవసరం కూడా లేదు!

ఆ ఎంట్రీ జోలికి మాత్రం వెళ్లకండి. ముందూ వెనకా ఉన్న కండిషన్ ఇన్‌స్పెక్షన్ (వార్షిక తనిఖీ) ఎంట్రీలు, మీ ఇన్సూరెన్స్ దరఖాస్తు 1,550 అంటుంటే మధ్యలో ఒక్క పేజీ 1,320 అంటుంది. మామూలు ఉల్లంఘనైతే, ఆర్నెల్లలోపు ఎఫ్‌ఏఏ నోటీసు ఇవ్వకపోతే పాతబడిందని ఎన్‌టీఎస్‌బీ (ఇలాంటి అప్పీళ్లు వినే ఫెడరల్ బోర్డు) ముందు కొట్టేయమని అడగొచ్చు. మీ అర్హతనే ప్రశ్నించే ఆరోపణకు ఆ రక్షణ ఉండదు, దొంగ రికార్డు సరిగ్గా అలాంటిదే. సర్టిఫికెట్ పోవడం సంగతి అలా ఉంచితే, ఫెడరల్ వ్యవహారంలో తప్పుడు స్టేట్‌మెంట్‌కి ఐదేళ్ల దాకా జైలు, కేసు పెట్టడానికి గడువూ ఐదేళ్లే. ఆగస్టు ఫ్లయిట్ల గురించి ఎవరికీ రాతపూర్వకంగా ఏమీ ఇవ్వకండి. మీ పైలట్ లాగ్‌బుక్‌లో ఉన్నవి చెరపకండి.

ఇక సాక్ష్యం. టెస్ట్ గంటలు పూర్తయ్యాక బిల్డర్ రాసిన ధ్రువీకరణలో ఒక స్టాల్ అంకె ఉంటుంది. చూసి సంబరపడకండి, సాధారణంగా అది ఫ్లాప్స్ దించి తీసిన వీఎస్0. మీకు కావలసింది ఫ్లాప్స్ ఎత్తి తీసిన వీఎస్1, అదీ క్యాలిబ్రేటెడ్ (మీటరు తప్పు సరిచేసిన) వేగంలో. ముక్కు బాగా పైకి లేచినప్పుడు చాలా విమానాల్లో స్పీడ్ మీటరు తక్కువ చూపిస్తుంది, 55 అని కనిపించింది నిజానికి 60 కావచ్చు. ప్రైవేట్ పైలట్ లేదా అంతకు పైస్థాయి ఉన్న అనుభవజ్ఞుడి చేత చేయించండి. బరువులు కట్టి 1,550కి తెచ్చి, సీజీని ముందు హద్దు దగ్గర ఉంచాలి, ఎందుకంటే తోక కిందికి ఎక్కువ నొక్కాల్సి వచ్చి స్టాల్ పెరిగేది అక్కడే. పవర్ తీసేసి, సెకనుకు ఒక నాట్ చొప్పున వేగం తగ్గిస్తూ చాలాసార్లు కొలిచి, జీపీఎస్‌తో మీటరు తప్పు సరిచూసి, బరువు, సీజీతో పాటు నిజమైన తేదీ వేసి రాయాలి.

అమ్మినాయన మీద దావాకి టెక్సాస్‌లో ఒప్పంద ఉల్లంఘన కింద విమానం చేతికొచ్చిన నాటి నుంచి నాలుగేళ్లు, డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ (మోసపు వ్యాపార పద్ధతుల) చట్టం కింద రెండేళ్లు. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి, అమ్మకపు కాగితంలో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉందేమో చూడండి. స్టాల్ 59 లోపు వస్తే మీకు జరిగిన నష్టం స్వల్పం, లాయరు ఫీజుకే సరిపోతుంది.

కట్టినాయనకి తనిఖీ హక్కిచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ విమానంతో పాటు మీకు రాదు. ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్ ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజన్ల) మెకానిక్ చేత చేయించండి.

మిత్రుణ్ణి చేర్చకండి. అమెరికా రిజిస్ట్రేషన్‌కి యజమానులు ప్రతి ఒక్కరూ పౌరులో, గ్రీన్‌కార్డ్ ఉన్నవారో అయి ఉండాలి.

కొలత 59 దాటితే ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్, దానికి తగిన మెడికల్ కావాలి. కానీ షుగర్ ఉంది కాబట్టి ఫారం నింపేముందే ఏఎంఈతో (పైలట్లకు వైద్య పరీక్ష చేసే డాక్టరుతో) మాట్లాడండి. దరఖాస్తు పెట్టి తిరస్కరణకు గురైతే, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఎగిరే వీలు కూడా పోతుంది.