‘పెళ్లి చేసుకుందామా’ అని ఓరుగల్లులో అడగాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆమెది నిజామాబాద్. మూడేళ్లుగా ఒకరికొకరం తెలుసు. ఇళ్లలోనూ లోలోపల తెలుసు, కానీ సూటిగా నేనింకా అడగలేదు. డిసెంబర్‌లో ఒక శని, ఆదివారం వరంగల్ తీసుకెళ్లి అడుగుదామనుకుంటున్నా. ఖిలాలో కీర్తి తోరణం దగ్గర బాగుంటుందా, లక్నవరం వేలాడే వంతెన మీదనా? — ఒక పాఠకుడు, ఉప్పల్

రెండూ వద్దు. రామప్ప చెరువు కట్ట మీద అడగండి, ఆదివారం పొద్దున.

లక్నవరం వంతెన ఊగుతుంది. ముందూ వెనకా జనం నడుస్తూనే ఉంటారు, మీరు ఆగితే దారికి అడ్డం. అక్కడ డబ్బా తెరిచాక చెయ్యి వణికిందంటే ఉంగరం చెరువు పాలే. ఇక ఖిలా సంగతి. సాయంత్రం ఎండ పడ్డప్పుడు తోరణాలు చూడాల్సిందే, కాదనం. కానీ ఊరి జనమంతా వచ్చేది కూడా ఆ వేళకే. సెల్ఫీల వాళ్లు, ఆడుకునే పిల్లలు, మూసే టైమ్ దగ్గరపడితే కదలమని తొందరపెట్టే కాపలావాళ్లు. జీవితంలో ఒక్కసారి అడిగే మాట విజిల్ మోతల మధ్య అడగడం ఎందుకు?

శనివారాన్ని తిరగడానికే ఉంచుకోండి. మీది ఉప్పలే కాబట్టి హన్మకొండ బస్సు అక్కడే ఎక్కొచ్చు, మూడు గంటలు పెట్టుకోండి. రైలైతే ఒక సంగతి చూసుకోవాలి: నాగ్‌పూర్, ఢిల్లీ వైపు పోయే బండ్లు కాజీపేట దగ్గరే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. హోటల్ హన్మకొండలో తీసుకుంటే ఎలాగూ కాజీపేటలో దిగడమే దగ్గర.

మధ్యాహ్నం వేయిస్తంభాల గుడి చూడండి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి) అది. మూడున్నర, నాలుగు గంటలకల్లా ఖిలాలో ఉండాలి, ఎందుకంటే డిసెంబర్‌లో ఇక్కడ 5.40 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి కదా, సాయంత్రం లోపలి ఆవరణలో నిలబడి తూర్పు తోరణం వైపు చూస్తే ఎండ దాని మీద నేరుగా పడుతుంది, చెక్కడం స్పష్టంగా వస్తుంది. పడమటి తోరణం నల్లటి నీడలా కనిపిస్తుంది, అదీ ఒక అందమే. ఫొటోల ముచ్చట ఇక్కడే తీర్చేసుకోండి. మర్నాడు ఫోన్ జేబులోనే ఉంటే మేలు.

ఆదివారం ఐదున్నరకు కారులో బయలుదేరండి. ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర పాలంపేట వైపు తిరగాలి. మొత్తం సుమారు 70 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. డిసెంబర్‌లో పొలాల మీద మంచు కమ్మితే ఇంకో అరగంట కలుపుకోండి. డ్రైవర్‌ను ముందురోజు రాత్రే ఖాయం చేసుకోవాలి, ఆ వేళకు ఆప్‌లో బండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ముందు గుడి చూడండి, తర్వాతే చెరువు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారం పది దాటితే బస్సుల మీద బస్సులు దిగుతున్నాయి. ఏడు గంటలకు మాత్రం మదనికల శిల్పాల కింద మీరిద్దరే ఉన్నట్టుంటుంది. గంటసేపు నింపాదిగా తిరిగితే మీ గుండెదడ కూడా కాస్త తగ్గుతుంది. గుడిలో మాత్రం అడగొద్దు. అక్కడ పూజ జరుగుతుంటుంది, పూజారి ముందు ‘ఆలోచించుకుని చెప్తా’ అనడం ఏ ఆడపిల్లకైనా కష్టం. చెరువు అక్కడికి కిలోమీటరు దూరమే. ఎనిమిదిన్నరలోపు అడిగేయండి.

మోకాలి మీద కూర్చోవాలన్న నియమమేమీ లేదు. కూర్చోవాలనే ఉంటే ముందు కింద చూసుకోండి. కంకర గుచ్చుకుని ముఖం చిట్లిస్తే ఆమె వేరేగా అనుకోగలదు! చెప్పదలచుకున్నది మూడు నాలుగు వాక్యాలకు మించకూడదు. బట్టీ పట్టిన పేరా సగంలో మరిచిపోతే అక్కడే అంతా చెడుతుంది.

శనివారం సాయంత్రమే ఎందుకు వద్దంటే, ఆమె ‘టైమ్ కావాలి’ అంటే ఆ రాత్రి, మర్నాడంతా ఇద్దరికీ ఇబ్బందే. ఆదివారం పొద్దున అయితే ఏ జవాబు వచ్చినా మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టొచ్చు. ‘సరే’ అంటే అక్కడి నుంచి లక్నవరం పోయి, భోజనం చేసి, వంతెన మీద ఉంగరం వేలికి ఉండగా నడవండి. బోగత జలపాతం కూడా ఇరికించొద్దు. వాజేడు దాకా పోవాలి, పైగా డిసెంబర్‌కు నీళ్లు పలచబడతాయి.

తేదీ మారిస్తే మేడారం జాతర నెలలో మాత్రం పెట్టుకోవద్దు. రెండేళ్లకోసారి మాఘంలో ఆ ములుగు రోడ్డంతా జాతరదే.

ప్రశ్న: ఆమెకు తెలియకుండా ఉంగరం సైజు ఎలా తెలుసుకోవాలి? బంగారమా, వజ్రమా? — జమ్మికుంట నుంచి

ఏ వేలికి తొడగాలనుకుంటున్నారో అదే వేలికి ఆమె పెట్టుకునే ఉంగరం ఒకటి సంపాదించండి. అక్కనో చెల్లెనో పట్టుకుంటే పని అవుతుంది. ఆ ఉంగరాన్ని తెల్ల కాగితం మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో లోపలి అంచు వెంట గీయండి. బయటి అంచు గీస్తే అంతా తప్పే. లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో కొలిచి, కాగితంతో సహా షాపుకు తీసుకెళ్లండి. అర మిల్లీమీటరు తేడా వస్తే సైజు మారిపోతుంది. అందుకే దారం చుట్టి కొలవడం నమ్మదగ్గది కాదు, దారం సాగుతుంది. ఉంగరమే షాపుకు తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది, వాళ్ల సైజు కడ్డీకి తొడిగి ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

సందేహం ఉంటే అర సైజు పెద్దదే తీసుకోండి. తగ్గించడం తేలిక. పెంచాలంటే సాగదీయాలి, లేదా బంగారం అతకాలి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరం మాత్రం తగ్గించడానికీ పెంచడానికీ వీలు కాదు, రాళ్లు వదులైపోతాయి. ఎండాకాలం, సాయంత్రం పూట వేళ్లు కాస్త ఉబ్బుతాయి, చలి ఉదయాల్లో సన్నబడతాయి. డిసెంబర్ పొద్దున కాస్త వదులుగా అనిపిస్తే కంగారు పడొద్దు. పట్టీ వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటితే మామూలు సైజు బిగుతుగా అనిపిస్తుంది, అది కూడా షాపులో చెప్పి తీసుకోండి.

బంగారమా, వజ్రమా అనేది మీ జేబు చెప్పాలి. సాదా ఉంగరమైతే 22 క్యారెట్లు, ముద్ర 916. రాయి పొదిగేదైతే 18 క్యారెట్లు, ముద్ర 750. 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని పట్టుకునే కొక్కేలు వంగుతాయి. లోపలి వైపు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, క్యారెట్ ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ ఆప్‌లో కొట్టి చూసుకోండి. తరుగు, మజూరీ, రాయి ధర బిల్లు మీద విడివిడిగా రాయించుకోండి. రాయి బరువును బంగారంలో కలిపి తూచలేదని తేలేది అక్కడే. సైజు మార్పు ఉచితమో కాదో కూడా కొనే రోజే అడగండి.

డబ్బా విషయంలో మా సలహా ఒకటి: షాపువాళ్ల ఎర్ర వెల్వెట్ డబ్బా బదులు కరీంనగర్ వెండి తీగ పని కుంకుమ భరిణె. మీకు పక్క ఊరే. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది, పెళ్లయ్యాక పూజ గదిలోకి పనికొస్తుంది. కాకపోతే తీగల సందుల్లోంచి ఉంగరం కనిపించిపోతుంది. లోపల ముదురు రంగు పట్టుగుడ్డ పరచండి. అంచులు కుట్టించాలి సుమా, పీచు లేచిన గుడ్డయితే దారం రాయి కొక్కేలకు చిక్కుకుంటుంది. వారం ముందే కొంటే గాలి చొరని కవర్లో ఉంచండి, లేకపోతే వెండి నల్లబడుతుంది. టూత్‌పేస్టు, బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు.

ప్రయాణంలో ఉంగరం లోపలి జేబులో ఉండాలి, పై బెర్తు మీద బ్యాగులో కాదు.

ప్రశ్న: మూఢం నడుస్తోంది. ఇప్పుడు ప్రపోజ్ చేయొచ్చా? — మంచిర్యాల నుంచి

అడగడానికి ముహూర్తం లేదు, ముహూర్తం నిశ్చితార్థానికి. కాకపోతే ఆమె ఇంట్లో పట్టింపు ఉంటే ఉంగరం కొనడం మూఢానికి ముందో తర్వాతో కానివ్వండి. రేపు అత్తగారు బిల్లు మీద తేదీ చూడకపోరు.

ప్రశ్న: వేయిస్తంభాల గుడిలో డ్రోన్‌తో, ఫొటోగ్రాఫర్‌తో షూట్ చేయించాలనుంది. కుదురుతుందా? — పరకాల నుంచి

ఆ గుడి, ఖిలా తోరణాలు, రామప్ప మూడూ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి. రక్షిత కట్టడం లోపల రాతపూర్వక అనుమతి లేకుండా విందు, వేడుక పెట్టకూడదన్నది నిబంధన. ట్రైపాడ్‌కూ ముందస్తు అనుమతి కావాలి, డ్రోన్ ఊసే వద్దు. బెలూన్లు, కొవ్వొత్తులు, పూల దండలతో పోతే గేటు దగ్గరే ఆపేస్తారు, అప్పుడు రహస్యం కాస్తా బయటపడుతుంది.

ఒక స్నేహితుడు, ఒక ఫోన్ చాలు. అతను ముందే వెళ్లి పది పదిహేను మీటర్ల దూరంలో పర్యాటకుడిలా నిలబడాలి. ఎండ మీ ఇద్దరి మీదా పక్కనుంచి పడే చోటు ముందే చూసుకోవాలి. ఫొటోల కన్నా వీడియో నయం, ఆ క్షణాన్ని తర్వాత అందులోంచి ఏరుకోవచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టమని చెప్పండి.

ప్రశ్న: నేనే అతణ్ని అడగాలనుకుంటున్నా. హన్మకొండలో హోటల్ రూమ్ ఇస్తారా? ఇద్దరిదీ ఈ జిల్లానే. — ఒక పాఠకురాలు

మీరే అడగండి, మంచి ఆలోచన. మగవాళ్లకు ఉంగరం కన్నా చేతి గడియారమో వెండి కడియమో ఎక్కువ ఉపయోగం. ఉంగరమే అయితే పైన చెప్పిన కొలతలే.

రూమ్ విషయం. పెళ్లికాని ఇద్దరు పెద్దవాళ్లు కలిసి హోటల్లో ఉండకూడదని చట్టం ఏదీ లేదు. అయినా కొన్ని హోటళ్లు, ముఖ్యంగా ఇద్దరికీ స్థానిక చిరునామా ఉంటే, కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తాయి. ఆప్‌లో బుక్ అయినంత మాత్రాన ధైర్యపడొద్దు. హోటల్‌కే ఫోన్ చేసి సూటిగా అడిగి, ‘సరే’ అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. ఇద్దరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు ఉండాలి. ఇదంతా తలనొప్పి అనుకుంటే రెండు రూములు తీసుకోండి, లేదా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా రామప్ప పెట్టుకోండి.

ఫిబ్రవరి 14 మానుకోండి. ఆ రోజు పార్కులు, చెరువు కట్టల దగ్గర జంటలను ఆపి ప్రశ్నించే గుంపులు తిరుగుతుంటాయి. ఎవరైనా వేధిస్తే వాదనకు దిగకుండా 100కు ఫోన్ చేయండి, పోలీసుల షీ టీమ్స్ ఉన్నది అందుకే.

ప్రశ్న: రెస్టారెంట్‌లో కేకులో ఉంగరం పెట్టించి, మైకులో అనౌన్స్ చేయిస్తే? — గోదావరిఖని నుంచి

కేకులో వద్దు. గొంతులో పడే ప్రమాదం ఒకటి, క్రీము రాళ్ల సందుల్లోకి పోవడం ఇంకొకటి. మైకు అంతకన్నా వద్దు. నలభై మంది చప్పట్లకు సిద్ధంగా ఉన్నప్పుడు వచ్చే ‘అవును’కు మీరే తర్వాత అనుమానపడతారు. ఇద్దరే ఉన్నచోట అడిగి, జవాబొచ్చాక మిత్రులను పిలిచి కేకు కోయండి.

అప్పుడు రూమ్ అలంకరిస్తే రెండు జాగ్రత్తలు. చవక అని బెలూన్లలో హైడ్రోజన్ నింపే వాళ్లున్నారు, కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. గ్యాస్ ఏదో అడగండి, తెలియదంటే మామూలు గాలి నింపించండి. గులాబీ రేకులు తెల్ల దుప్పటి మీద నలిగితే మరక పోదు, హోటల్ బిల్లులో వేస్తుంది. పాత దుప్పటి ఒకటి పరిపించి, దాని మీద చల్లించండి.

ప్రశ్న: అడిగాను. ‘టైమ్ కావాలి, మా ఇంట్లో కులం పట్టింపు ఉంది’ అంది. ఉంగరం ఆమెకే ఇచ్చేయాలా? — జగిత్యాల నుంచి

ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచండి. ఆమె చేతిలో పెడితే రోజూ అడిగినట్టే. ‘ఎప్పుడు మాట్లాడుకుందాం’ అని ఒక్కసారి అడిగి ఆమె చెప్పిన తేదీ వరకు ఆగండి. ఈలోగా స్నేహితులతో రాయబారాలు వద్దు, ఆమెకు తెలియకుండా వాళ్ల నాన్నగారిని కలవడం అసలే వద్దు. ఉంగరం మార్పిడి గడువు ఎన్నాళ్లో బిల్లు మీద చూసుకోండి.

ఇద్దరూ నిశ్చయించుకుని, పెద్దలు ఎంతకీ ఒప్పుకోకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అతనికి 21, ఆమెకు 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత 30 రోజులు ఆగాలి. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. ఒక చిక్కు: ఆ నోటీసు ఆఫీసు గోడ మీద అంటిస్తారు, ఇంట్లో తెలిసిపోవచ్చు. కాబట్టి నోటీసు ఇచ్చే ముందే ఆ నెల రోజులు ఆమె ఎక్కడ ఉండాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వాల్సిందే.