చదవనివ్వండి, కానీ ముందు నా ఖోకా సంగతి వినండి

"తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సమ్మర్ క్యాంపులో హత్యలు జరిగే ఇంగ్లీషు నవలలు తప్ప ఇంకేవీ ముట్టుకోవడం లేదు, ఆపమంటారా?" అని అడిగారు. ఆపకండి. మా ఇంట్లోనూ అదే వయసు పిల్ల, అదే పిచ్చి. సైన్సు గైడు కోసం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుకి వెళ్లి, గైడు మర్చిపోయి అలాంటిదే ఒకటి పట్టుకొచ్చింది. తనకంటే ముందు నేను చదివేశానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మీ టెన్షన్ రక్తం గురించే అయితే, నేను చదివినదాంట్లో రక్తం రెండు మూడు పేజీలే. మిగతా అంతా "మనలో ఎవరు?" అన్న గొడవ. రాత్రి మంట చుట్టూ కూర్చుని పాటలు పాడినవాళ్లే తెల్లారేసరికి ఒకళ్ల పెట్టెలు ఒకళ్లు వెతుకుతుంటారు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. ఎందుకో చెప్తాను.

అసలు విజయవాడలో సమ్మర్ క్యాంపంటే పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా స్విమ్మింగో కరాటేయో. ఎనిమిదయ్యేసరికి గేటు బయట అమ్మలు స్కూటీల మీద రెడీగా ఉంటారు. హంతకుడికి చెప్పులేసుకునే టైం కూడా దొరకదు. అమెరికాలో ఈ క్యాంపుల అలవాటు పాతది. 1861లోనే కనెక్టికట్‌లో ఒక మాస్టారు, ఆయన భార్య కలిసి బడిపిల్లల్ని నడిపించుకుంటూ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి రెండు వారాలు గుడారాల్లో ఉంచారు. ఇప్పుడైతే వారాల తరబడి ఉంటారు. చాలాచోట్ల ఫోన్లు తీసేసుకుంటారు. పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్లకే పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు. కథ రాసేవాడికి ఇంకేం కావాలి? మన పిల్లలకేమో తొమ్మిదో తరగతి పరీక్షలు అయ్యాయో లేదో బ్రిడ్జి కోర్సని చెప్పి పదో తరగతి లెక్కలు మొదలు. నన్నడిగితే మీరు కంగారు పడాల్సింది దాని గురించి. సరే, అది వేరే గొడవ.

మాకు మాత్రం నిజమైన క్యాంపు ఒకటుండేది. ఎన్‌సీసీ. 1994 మే నెల, ఎనిమిది అయిపోయి తొమ్మిదికి వెళ్తున్నాం. బందరు కాలువ పక్కనే ఒక కాలేజీలో పది రోజులు. తెల్లవారకముందే విజిల్, ఎనామిల్ మగ్గులో టీ, హిందీలో తిట్లు. ఫైరింగ్ రోజు వరసగా బోర్లా పడుకోబెట్టి పాయింట్ టూ టూ రైఫిల్‌తో తలా ఐదు గుళ్లు కాల్పించారు. కాల్చిన ప్రతి గుండుకీ ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి మిగులుతుంది. దాన్ని ఖోకా అంటారు. అన్నీ లెక్కపెట్టి వాపసు ఇవ్వాలి. ఆ రోజు ఒకటి తగ్గింది. ఇంకా రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలే ఎండ, అందరం మోకాళ్ల మీద దుమ్ములో వెతికాం. దొరకలేదు.

రాత్రి హాజరు తీసుకుంటే మా గదిలో కుర్రాడొకడు లేడు. వాడి హవాయి చెప్పులు కాలువ గట్టు మీద కనిపించాయి. ఇక చూడండి, గంటలో కథ తయారు. ఖోకా పోయిందంటే ఎవడో గుండు దాచాడు, గుండు దాచాడంటే కాల్చాడు, కాల్చి కాలువలో పడేశాడు.

అద్దె పుస్తకాల షాపులో జేబు సైజు డిటెక్టివ్ నవలలన్నీ నమిలేసినవాణ్ణి, నేను ఊరుకుంటానా? మెస్‌లో వంటాయన దగ్గర పనిచేసే కుర్రాడొకడు ఉండేవాడు, మా ఈడువాడే. ముందురోజు ఆలూ కూర దగ్గర తప్పిపోయినవాడితో వాడికి మాటామాటా వచ్చింది. మెడలో నల్లతాడుకి ఏదో ఇత్తడిది మెరవడం నా కళ్లతో చూశాను. వెళ్లి ఉస్తాద్‌తో, అంటే మాకు డ్రిల్లు నేర్పే ఆయనతో, చెప్పాను. ఆయన ముందు వాడి చెంప మీద ఒకటిచ్చి, తర్వాత తాడు తీయించాడు. తాయెత్తు. వాళ్లమ్మ కట్టిందట. దాన్ని వాడు మళ్లీ కట్టుకుంటుంటే అందరం చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు టిఫిన్ వేళకి తప్పిపోయినవాణ్ణి వాళ్ల నాన్న చెవి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇంటి మీద బెంగతో బూట్లేసుకుని బస్సెక్కి ఉయ్యూరు వెళ్లిపోయాడట. స్నానం చేసి గట్టు మీద మర్చిపోయిన చెప్పులు అవి. ఇంకో సంగతి. మే నెలలో మన డెల్టాలో కాలువలు కట్టేస్తారు. ఆ రోజు బందరు కాలువలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు, మేమే మగ్గులతో తోడుకుని స్నానాలు చేశాం. అందులో శవం ఎలా కొట్టుకుపోతుందని ఒక్కడికీ తట్టలేదు. తెలివైన రచయిత ఇలాంటి ఎండిన కాలువనే మొదట్లో ఒకసారి చూపించి వదిలేస్తాడు. మనం చూసీ దాటేస్తాం. మీ అమ్మాయి అలాంటివి పట్టుకోగలుగుతోందేమో అడిగి చూడండి.

ఆఖరి రోజు నా కంచంలో సాంబారు పోసింది ఆ మెస్ కుర్రాడే. నేను సాంబారునే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ నా ఖాకీ చొక్కా నీళ్లలో పెట్టబోతూ, పైకి మడిచిన చేతుల మడత విప్పింది. టింగుమని ఖోకా రాలింది. ఫైరింగ్‌లో పక్కవాడి రైఫిల్ నుంచి ఎగిరి అక్కడ దూరినట్టుంది. ఉస్తాద్‌కి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ నా పెన్నుల డబ్బాలో ఉంది.

మొన్న మా అమ్మాయి చూసి అదేంటని అడిగింది. పాత పెన్ను క్యాప్ అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి దీని అడుగున ఈ సొట్ట ఏంటి నాన్నా?" అంది.