ఇల్లు కట్టబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలంతా కలిసి, సెంటున్నర పట్టా స్థలంలో ఒక కుటుంబానికి రెండు గదుల ఇల్లు కట్టాలని పూనుకున్నారని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! నలభై ఏళ్లు తాపీ పట్టిన చేతితో నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ ఇల్లాలితో తీరిగ్గా కూర్చో. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేశాక, మా జట్టుతో పాటు నేనూ అవనిగడ్డ వైపు వెళ్లి ఇళ్లు కట్టాను. అప్పుడు కుర్రవాణ్ణి. తొందరలో ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక ఇంట్లో గాలివాటం చూడకుండా వంటగది పెట్టాను, పొగ పోయే దారి లేదు. ఆరు నెలల తర్వాత అటు వెళ్తే ఆ తల్లి వాకిట్లో తాటాకుల చాటున పొయ్యి పెట్టుకుని వండుతోంది. నేను కట్టిన వంటగదిలో కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. నాకది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, నేల మీద ముగ్గు పోశాక, పునాది తవ్వకముందే, ఆవిణ్ణి ఆ గీతల మధ్య నడిపించండి. మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, దేవుడి మూల ఎక్కడ, వాన పడితే బట్టలు ఎక్కడ ఆరేస్తుంది, అన్నీ ఆవిడే చూపించాలి. గడప ఎటు ఉండాలన్నా, గుమ్మం ఏ రోజు నిలబెట్టాలన్నా ఆవిడ మాటే వినండి. మీకు నమ్మకం లేకపోయినా వాదించకండి. పట్టా ఎవరి పేరు మీద ఉందో కూడా ముందే చూసుకోండి.

మీ క్యాంపు ఏడు రోజులే కదా. ఏడు రోజుల్లో ఇల్లు అవదు. ఆ మాట మొదటి రోజే కుటుంబానికి చెప్పేయండి, ఆశపెట్టి వదిలేయడం కంటే అదే మంచిది. పునాది తవ్వడం, ఇటుకలు మోయడం, సిమెంటూ ఇసుకా వేసి మాలు కలపడం, నీళ్లు పట్టడం మీరు చేయొచ్చు. గోడ మాత్రం మేస్త్రి చేత కట్టించండి, ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. చందాలు వసూలు చేస్తే ముందుగా పక్కన పెట్టాల్సింది ఆ డబ్బే. సేవ మీరు చేస్తున్నారు, ఆయనకు అది బతుకుతెరువు.

ఇటుకలు నీళ్లలో నానబెట్టాకే వాడాలి. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తుంది, పట్టు ఉండదు. కలిపిన మాలు రెండు గంటల్లో వాడేయాలి. గట్టిపడితే నీళ్లు పోసి మళ్లీ కలపొద్దు. గోడను ఒక్కరోజులో ఐదడుగులకు మించి లేపొద్దు, ఉత్సాహంలో మేస్త్రిని తొందరపెట్టొద్దు. సిమెంటు బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా పేర్చండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. సిమెంటు చర్మాన్ని తినేస్తుంది తల్లీ, అంటుకుంటే వెంటనే కడుక్కోవాలి.

అన్నిటికంటే నాకు టెన్షన్‌గా ఉండేది క్యూరింగ్ గురించి, అంటే కట్టినదాన్ని రోజూ నీళ్లతో తడపడం గురించి. పని అయిపోయిందని పిల్లలంతా బస్సెక్కుతారు, తడిపే దిక్కు ఉండదు. ఇప్పుడు ఎక్కువగా దొరికే, బూడిద లాంటివి కలిపిన పీపీసీ సిమెంటుతో వేసిన కాంక్రీటు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. శ్లాబు మీద చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టండి, గోడల మీద గోనెపట్టాలు కప్పి తడపండి. కూలికి పోయే ఆ మొగుడూ పెళ్లాల మీద ఆ భారం వేయకండి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని, పొద్దునా సాయంత్రం ఎవరు వస్తారో పేర్లు రాసి గోడకు అంటించండి. శ్లాబు కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు ఎప్పుడు విప్పాలో మేస్త్రే చెప్పాలి. గృహప్రవేశం తేదీ దగ్గరపడిందని ముందే లాగేయకండి.

మీ భోజనాలు మీరే తెచ్చుకోండి. ఆ ఇంటివాళ్లు పెడతామంటే ఒక పూట తినండి, రోజూ వద్దు. ఫొటో తీసే ముందు వాళ్లను అడగండి. ఆ పిల్లలు మీ వయసుకొచ్చాక కూడా ఆ ఫొటో ఎక్కడో ఉంటుంది.

ముగ్గు పోసే రోజు ఎప్పుడో ఫోన్ చెయ్యి. గోడ నిలువు చూసే నా పాత తూకం గుండు, తాపీ ఇంకా దాచుకున్నాను, అవి తీసుకుని వస్తాను. మోకాళ్ల నొప్పులున్నా ఒక కుర్చీ వేస్తే చాలు, మొదటి వరస ఇటుకలు తిన్నగా వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.

మీ తాతయ్య