ఊరికి దూరంగా పొలంలో కాపురం పెట్టే అమ్మాయికి

అమ్మాయీ,

పొలంలోనే కాపురం పెడుతున్నావట. అక్కడ జబ్బు కంటే దూరంతోనే ఎక్కువ భయం. అందుకే ముందే చూసుకోవాల్సినవి రాస్తున్నాను.

మొదట నీ ఒంటి సంగతి. చాటు లేదని పొలంలో ఆడవాళ్లు పొద్దున్నించీ నీళ్లు తాగరు, వస్తున్నా ఆపుకుంటారు. కొన్నాళ్లకు మూత్రంలో మంట మొదలవుతుంది. ఆపైన చలిజ్వరం, నడుం పక్కన పోటు వచ్చాయంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. ఇక ఆగకు, ఆ రోజే డాక్టరుకి చూపించుకో. అంతదాకా రాకుండా పని చేసేచోట నాలుగు గుంజలు పాతించి, చుట్టూ పట్టాలు కట్టించుకో. మరుగుదొడ్డికి గుంట తవ్వితే బావికీ బోరుకీ కనీసం 30 మీటర్ల దూరంలో, పల్లపు వైపే తవ్వాలి. సిగ్గుపడి ఊరుకోకు తల్లీ, గట్టిగా అడుగు. ఎండలో పనైతే 15–20 నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగు. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే నీళ్లు చాలడం లేదు.

పైరుకి పురుగుమందు కొట్టేది ఎవరైనా ఆ బట్టలు ఉతికేది చాలావరకు మనమే. ఉత్త చేతులతో నలిపితే మందు చర్మంలోకి దిగుతుంది. రబ్బరు తొడుగులు వేసుకుని, ముందు మామూలు నీళ్లలో జాడించి, తర్వాత వేడినీళ్లలో సబ్బుపొడితో విడిగా ఉతుకు. ఎండలోనే ఆరెయ్యి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి తడిసిన బట్టను మాత్రం ఉతకొద్దు, పారేయాల్సిందే. మందు తగిలాక ఎవరికైనా చొంగ కారినా, చెమటలు పట్టినా, కంటిపాప చుక్కలా కుంచించుకుపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. డబ్బా మీది పేరు రాసుకెళ్తే డాక్టరుకి పని సులువవుతుంది.

పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యాలి. కాలు కదలకుండా బద్ద కట్టి, నడవనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి మోసుకెళ్లాలి.

కడుపుతో ఉన్నప్పుడు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటైనా తెల్లారేదాకా చూడొద్దు. నెలలు నిండేముందే ఆస్పత్రి దగ్గరికి మకాం మార్చు.

బండి నడపడం నేర్చుకో. ఇంట్లో మగవాళ్లు లేని పూటే అవసరం పడితే ఎవరి కోసం చూస్తావు? ఫోను సిగ్నల్ ఎక్కడ అందుతుందో ఇంటిచుట్టూ తిరిగి చూసి, అక్కడ ఒక రాయి పాతు. రోజూ ఒకే వేళకి ఒక మనిషికి ఫోన్ చెయ్యి. నీ నుంచి ఫోన్ రాకపోతే బయల్దేరి రమ్మని వాళ్లకి ముందే చెప్పి ఉంచు.