డాక్టర్ సలహా: కోతిపిల్లను ఇంట్లో పెంచుకోవాలంటే ఏ టీకాలు వేయించాలి?

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లాలో ఒక పల్లె. కిందటి వారం కరెంటు తీగ తగిలి ఒక తల్లికోతి చనిపోయింది. దాని పొట్టను కరుచుకుని ఉన్న పిల్లను మావారు ఇంటికి తెచ్చారు. ఆవుపాలు పడుతున్నాం. అది మా ఐదేళ్ల బాబును ఒక్క క్షణం వదలడం లేదు. మూడు రోజుల కిందట ఆడుతూ వాడి ముంజేతి మీద రక్కితే కొంచెం రక్తం వచ్చింది, పసుపు అద్దాం. ఆంజనేయస్వామే మన గడప తొక్కాడు, పంపించొద్దని మా అత్తయ్య అంటున్నారు. ఆమెకు షుగర్ ఉంది. ఈ పిల్లను పెంచుకోవాలంటే ఏ టీకాలు వేయించాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, పెంపకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ జవాబు చదివిన రోజే బాబును ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించండి. కోతి రక్కినప్పుడు రక్తం వచ్చిందంటే దాన్ని మూడో కేటగిరీ (అన్నిటికంటే తీవ్రమైన రకం) గాయంగానే చూడాలి. అంటే టీకా ఒక్కటే సరిపోదు, గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. మూడు రోజులు దాటింది కదా, ఇక ఎందుకులే అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడటానికి వారాలు, నెలలు పట్టొచ్చు. బయటపడ్డాక మాత్రం వైద్యం లేదు. అందుకే ఎంత ఆలస్యమైనా టీకా వేస్తాం.

కోతిపిల్ల చలాకీగానే ఉంది, పది రోజులు చూద్దాం అని ఎవరైనా అంటే వినొద్దు. పది రోజులు గమనించే పద్ధతి కుక్కకూ పిల్లికీ మాత్రమే వర్తిస్తుంది. కోతి నోటిలోకి వైరస్ ఎప్పుడు వస్తుందో, ఆ తర్వాత ఆ కోతి ఎన్నాళ్లు బతుకుతుందో అలా లెక్కగట్టి చెప్పడానికి ఆధారం లేదు. కోతుల్లో రేబిస్ కుక్కల్లో ఉన్నంతగా ఉండదు, నిజమే. కానీ పిచ్చికుక్క కరిచిన కోతికి అది రావచ్చు. ఈ పిల్లకు మీ ఇంటికి రాకముందు ఏం జరిగిందో మీకు తెలియదు.

బయల్దేరే ముందు గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. మానుతున్నట్టు కనిపించినా కడగండి. తర్వాత క్రిములను చంపే పొవిడోన్ అయోడిన్ మందు రాయండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. అవి గాయాన్ని మండించి కణాలను దెబ్బతీస్తాయి, వైరస్‌ను మాత్రం చంపవు. కట్టు కూడా వద్దు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున, మొదటి రోజు (దాన్ని 0 అంటాం), ఆపైన 3, 7, 28వ రోజుల్లో టీకా వేస్తారు. కండకు ఇచ్చే పద్ధతి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. పిరుదుకు వేయించకూడదు, అక్కడి కొవ్వు వల్ల టీకా సరిగా పనిచేయదు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను బరువును బట్టి లెక్కిస్తారు. గుర్రం రక్తం నుంచి తీసింది కిలోకు 40 యూనిట్లు, మనుషులది కిలోకు 20 యూనిట్లు. బాబు 18 కిలోలుంటే 720 లేదా 360 యూనిట్ల వరకు అన్నమాట. దాన్ని గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. పీహెచ్‌సీలో టీకా ఉంటుంది గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ లేకపోవచ్చు. అలాంటప్పుడు టీకా అక్కడే వేయించుకుని ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. మొదటి టీకా పడిన ఏడు రోజుల్లోపు అది అందాలి, ఆ తర్వాత ఇవ్వం. ధనుర్వాతం టీకా సంగతీ అప్పుడే చూపించుకోండి. ధనుర్వాతం టీకా కూడా కలిసి ఉండే, ఐదేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ బాబుకు పడిందో లేదో కార్డు చూస్తే తెలుస్తుంది. మీలో ఇంకెవరినైనా పిల్ల రక్కినా, కొరికినా, పుండును నాకినా వాళ్లదీ ఇదే దారి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. కోతికి ఇన్ని టీకాలు వేయిస్తే ఇక భయం లేదు అని చెప్పగలిగే జాబితా ఏదీ లేదు. కోతుల కోసమంటూ అనుమతి పొందిన రేబిస్ టీకా కూడా లేదు. నా సలహా సూటిగా చెబుతాను: ఈ పిల్లను పెంచుకోవద్దు. దానికి జబ్బుల కంటే ముందు దాని వయసు పెరిగే తీరు కారణం.

మన దగ్గర ఊళ్లలో తిరిగే రీసస్, బానెట్ కోతులు రెండూ మకాక్ జాతివే. ఇప్పుడు అది చంటిపిల్ల, అందుకే అంటిపెట్టుకుని ఉంటోంది. మూడు నాలుగేళ్లకు ఈడుకొస్తుంది. మగదైతే ఆ వయసులోనే పొడవాటి కోరపళ్లు వస్తాయి. గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది కోతులు బెదిరించుకుని, కరుచుకుని తేల్చుకుంటాయి. మీ ఇల్లే దాని గుంపు అయినప్పుడు ఆ తగువు మీ ఇంట్లోవాళ్లతోనే పెట్టుకుంటుంది. ముందుగా కరిచేది ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లను. పైగా పిల్లలు దాని కళ్లలోకి సూటిగా చూస్తారు, అది కోతికి సవాలు. అది పళ్లు ఇకిలిస్తే నవ్వుతోందనుకుని దగ్గరికెళ్తారు, నిజానికి అది భయపడుతోంది. అక్కడే కాటు పడుతుంది. చేతి మీద పడితే కోరపన్ను కీలు దాకా, నరం దాకా దిగుతుంది. పైకి చిన్న రంధ్రమే కనిపించినా లోపల చీము పడుతుంది. అప్పుడు గొలుసు వేస్తారు, పళ్లు పీకిస్తారు. గొలుసుతో మెడ పుండవుతుంది. పళ్లు లేని కోతి చిగుళ్లతోనైనా నొక్కి కరుస్తుంది, గోళ్లతో రక్కుతుంది. ఒంటరిగా కట్టేసిన కోతి ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండటం, తన చేతిని తానే కొరుక్కోవడం చూస్తే మనసు తరుక్కుపోతుంది. మనుషుల దగ్గర ఇది 25 ఏళ్లకు పైగా బతకగలదు. అప్పటికి మీ బాబుకు ముప్ఫై ఏళ్లు.

జబ్బుల విషయంలో రాకపోకలు రెండువైపులా ఉంటాయి. మకాక్ కోతుల్లో బి వైరస్ అనే హెర్పిస్ రకం వైరస్ ఉంటుంది. వాటికి నోటిలో చిన్న పుండు తప్ప పెద్దగా ఏమీ కాదు. మనిషికి కాటు, గీరు, కంట్లో పడిన ఉమ్మి ద్వారా రావడం చాలా అరుదు, కానీ వస్తే మెదడును, వెన్నుపామును దెబ్బతీస్తుంది. మందు అందకపోతే ఎక్కువమంది చనిపోతారు. 1997లో అమెరికాలో కోతిజాతి జంతువుల (ప్రైమేట్) పరిశోధన కేంద్రం ఒకదానిలో పనిచేసే యువతి కంట్లో కోతి నుంచి వచ్చిన తుంపర పడి ఈ జబ్బుతోనే మరణించింది. చంటి కోతిపిల్లల్లో ఈ వైరస్ తక్కువ, ఈడుకొచ్చిన కోతుల్లో ఎక్కువ. కాబట్టి మీ బాబు విషయంలో బెంబేలు పడనక్కర్లేదు. కానీ నెలరోజులు కనిపెట్టుకుని ఉండండి. గీరిన చోట నీటిపొక్కులు, తిమ్మిరి, మంట, దురద వచ్చినా, జ్వరంతో పాటు తలనొప్పి వచ్చినా వెంటనే డాక్టర్‌ను కలిసి 'కోతి రక్కింది' అన్న మాట ముందుగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. పెద్ద మకాక్ కోతి లోతుగా కరిచినప్పుడు పెద్దవాళ్లకు వాలాసైక్లోవిర్ అనే యాంటీవైరల్ మందు గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, 14 రోజులు ముందుజాగ్రత్తగా ఇస్తాం. అది డాక్టర్ నిర్ణయించాల్సిందే, మూత్రపిండాల జబ్బు ఉంటే డోసు మారుతుంది.

మన ఇళ్లలో నేను ఇంకా ఎక్కువగా ఆలోచించేది క్షయ గురించి. మకాక్ కోతులకు మనుషుల నుంచి టీబీ చాలా తేలిగ్గా అంటుకుంటుంది, తిరిగి దాని దగ్గు నుంచి పిల్లలకు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు ఉంటే పీహెచ్‌సీలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు, చేయించండి. మీ అత్తయ్యకు షుగర్ ఉంది కాబట్టి టీబీ ముప్పు మామూలుగానే ఎక్కువ. ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకోకుండా చూడండి, కాళ్ల మీద పగుళ్లు, పుండ్లు ఉంటే మరీను.

రోజువారీగా ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి విరేచనాల జబ్బులు. కోతి మలంలో షిగెల్లా, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా, అమీబా, నులిపురుగులు ఉండొచ్చు. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. బాబుకు జిగట, రక్తం కలిసిన విరేచనాలైతే ఓఆర్ఎస్ పడుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందుల షాపులో అడిగి ఏదో ఒక యాంటీబయాటిక్ వేయొద్దు. నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మి.గ్రా., ఈమధ్య వేయకపోతే డాక్టర్‌ను అడిగి ఇంట్లో అందరూ వేసుకోవచ్చు.

చట్టం కూడా మీకు తెలియాలి. బానెట్ కోతి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జంతువు, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. దొరికిన 48 గంటల్లోపు అటవీ అధికారికో పోలీసు స్టేషన్‌కో తెలియజేయాలి. గడువు దాటిందని భయపడి దాచొద్దు, తల్లి ఎలా చనిపోయిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మీ దగ్గరున్న కోతిపిల్ల ఏ రకమో అటవీ శాఖ బీట్ ఆఫీసర్ చూసి చెబుతారు. మీకు పక్కనే ఉన్న నిర్మల్ జిల్లాలో, చించోలి దగ్గర, అటవీ శాఖ కోతుల సంరక్షణ కేంద్రం ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మనిషి చేతిలో నెలల తరబడి పెరిగిన పిల్లకు గుంపు భాష రాదు, అడవిలో వదిలినా తిరిగి ఊళ్లోకే వచ్చి జనం మీద పడుతుంది. మీరే తీసుకెళ్లి గుట్ట మీద వదిలేయడం మాత్రం చేయకండి. తల్లి లేని పిల్లను కుక్కలు బతకనివ్వవు, కొత్త గుంపు కోతులు చంపేయనూ వచ్చు.

అత్తయ్యగారికి చెప్పండి, స్వామి రూపమని నమ్మినప్పుడు ఆ పిల్ల మెడకు రేపు గొలుసు వేయాల్సిన స్థితి రాకుండా చూడటమే సేవ. ఆమె మనసు కష్టపెట్టుకోకుండా, అప్పగించేటప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్లండి.

ఫారెస్టు వాళ్లు వచ్చేలోపు పెద్దవాళ్లు ఒక్కరే దాన్ని చూసుకోవాలి. పొడుగు చేతుల చొక్కా, చేతులకు గ్లవ్స్, ముఖానికి మాస్క్ ఉండాలి. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఈ వయసు పిల్ల ఆకలి కంటే ముందు చలికి నీరసిస్తుంది. దానికి హత్తుకోవడానికి మెత్తని తువ్వాలు ఇవ్వండి. పాలు పట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. బోర్లాగానో నిటారుగానో పట్టుకుని, కొంచెం కొంచెంగా పట్టండి. ఆవుపాలకు విరేచనాలైతే పాలు ఆపి, ఓఆర్ఎస్ నీళ్లు చుక్కచుక్కగా ఇస్తూ పశువైద్యుడికి ఫోన్ చేయండి. బిస్కెట్లు, మిఠాయిలు వద్దు. మీరు తిన్న చెంచాతో పెట్టడం, ముద్దుపెట్టుకోవడం వద్దే వద్దు. వంటింట్లోకి రానివ్వొద్దు. మలాన్ని గ్లవ్స్‌తో తీసి పూడ్చి, నేలను బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

పిల్లను అప్పగించాక కూడా బాబు టీకా డోసులు మానొద్దు. కోతి వెళ్లిపోయింది, బాబు బాగానే ఉన్నాడు కదా అని 28వ రోజు డోసు వదిలేసేవాళ్లు చాలామంది. తేదీలు రాసిన కార్డును జాగ్రత్తగా దాచండి. మూడు నెలలు దాటాక ఇంకోసారి కోతో కుక్కో కరిస్తే ఆ కార్డు చూపితే 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ మళ్లీ అక్కర్లేదు.