టెక్ సందేహాలు: జీవితకాల వారంటీ ఉన్న కత్తి విరిగితే ఎవరి పూచీ?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాల నడుమ ఈసారి ట్రెకింగ్, క్యాంపింగ్‌లో వాడే ఖరీదైన కత్తుల గురించి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. వారంటీ కాగితంలో ఏం రాశారో, అందులో మనం ఏం చదువుకుంటామో ఆ రెండింటి మధ్య ఉండే తేడా ఏ వస్తువుకైనా ఒకటే కనుక, వాటికి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: జీవితకాల వారంటీ ఉందన్న భరోసాతో, మడత లేని మంచి కత్తి ఒకటి కొన్నాను. ఎండు కట్టె మీద దాన్ని ఉంచి, వెన్ను మీద మరో కట్టెతో కొట్టి చీలుస్తుండగా వాదరలోంచి, అంటే కోసే అంచులోంచి, అర్ధచంద్రాకారంలో చిన్న ముక్క ఊడిపోయింది. కంపెనీవారు ఫొటోలు తెప్పించుకుని, ఇది తయారీ లోపం కాదేమో అంటున్నారు. ఇంత ధర పెట్టిన కత్తి ఈమాత్రం పనికి ఆగకూడదా?

జవాబు: ముందు వారంటీ సంగతి చూద్దాం. "లైఫ్‌టైమ్" అన్న పెద్ద అక్షరాల కింద చాలా కంపెనీలు రాసే అసలు షరతు "ముడిసరుకులో గానీ పనితనంలో గానీ లోపం ఉంటే" అన్నదే. అంటే ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు ఎన్నేళ్లకు బయటపడినా సరిచేస్తామన్నది వారి మాట. కత్తి ఎన్నటికీ విరగదని గానీ, ఎలా విరిగినా కొత్తది ఇస్తామని గానీ కాదు. విక్టోరినాక్స్, బెంచ్‌మేడ్ వంటి సంస్థల జీవితకాల హామీ ఈ కోవలోనిదే. మల్టీటూల్స్ తయారుచేసే లెదర్‌మన్ "జీవితకాలం" అనకుండా 25 ఏళ్లని అంకె వేసి చెబుతుంది. వివాదానికి తావు తక్కువ కనుక నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. వీటన్నిటికీ భిన్నంగా, ఈఎస్ఈఈ అనే అమెరికా సంస్థ వాడకంలో విరిగినా బాగుచేసో మార్చో ఇస్తామనీ, కత్తి చేతులు మారినా ఆ హామీ వర్తిస్తుందనీ, రసీదు కూడా అక్కరలేదనీ చెబుతుంది. మీ కత్తి పెట్టెలోని కాగితం ఈ రెండు రకాల్లో ఏ వైపు మొగ్గుతుందో చూసుకోవడం మీ మొదటి పని.

ఇక ధర సంగతి. ఖరీదు పెరిగినకొద్దీ కత్తి మొరటు పనికి మరింతగా తట్టుకుంటుందని అనుకోవడం సహజమే కానీ, ఉక్కు విషయంలో లెక్క అలా ఉండదు. ఉక్కుకు గట్టిదనం వేరు, చేవ వేరు. గట్టిదనం ఎక్కువైతే పదును చాలాకాలం నిలుస్తుంది. చేవ ఎక్కువైతే దెబ్బ తగిలినప్పుడు పెచ్చు ఊడకుండా, విరగకుండా ఓర్చుకుంటుంది. సాధారణంగా ఒకదాన్ని పెంచితే రెండోది తగ్గుతుంది. 2001లో కత్తుల కోసమే ప్రత్యేకంగా వచ్చిన ఎస్30వీ అనే స్టెయిన్‌లెస్ ఉక్కులో కార్బన్ 1.45 శాతం, వెనేడియం 4 శాతం ఉంటాయి. వెనేడియం కార్బైడ్ రేణువులు అరుగుదలను గట్టిగా అడ్డుకుంటాయి కాబట్టి తాళ్లు, అట్టలు, చర్మం కోసే పనిలో దాని పదును చాలాకాలం నిలుస్తుంది. అదే రేణువుల వల్ల పక్కనుంచి వంపు పడినా, గట్టి ముడి తగిలినా పలుచని వాదర పెచ్చులూడే అవకాశమూ ఎక్కువే. దీనికంటే ఎంతో చౌకైన 1095 అనే మామూలు కార్బన్ ఉక్కును ఈఎస్ఈఈ, ఉక్కు గట్టిదనాన్ని అంకెల్లో చెప్పే రాక్‌వెల్ కొలతలో 55-57 దగ్గర, అంటే కాస్త మెత్తగానే ఉంచి, మందమైన పలకగా తయారుచేస్తుంది. విరిగినా మారుస్తామన్న అంత ఉదారమైన హామీ వెనుక ఈ మెత్తదనం, ఈ మందం కూడా ఉన్నాయని నా అభిప్రాయం.

కట్టె చీల్చడమే మీ ప్రధానమైన పని అయితే సీపీఎం 3వీ వంటి చేవగల ఉక్కు తగినది. అయితే అందులో క్రోమియం 7.5 శాతమే ఉండటం వల్ల అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే ఉక్కు రూపకర్త, లోహశాస్త్రవేత్త లారిన్ థామస్, తుప్పును ఆపే గుణాన్నీ చేవనూ ఒకేచోట కలపడానికి ప్రయత్నించి చాలావరకు నెగ్గారు. అయినా ఏ ఉక్కు పేరూ దానంతటదే పూచీ కాదు. దాన్ని ఎంత వేడికి కాచారు, ఎలా చల్లార్చారు, తర్వాత మళ్లీ ఎంత వేడి పెట్టి పెళుసుదనం తగ్గించారు, వాదరను ఎంత పలుచగా సానబట్టారు అన్నవే కత్తి మన్నికను నిర్ణయిస్తాయి. నిజానికి ఎక్కువ ధరకు దక్కేది ఈ పనిలోని నిలకడ. వంద కత్తులు కొన్నా వందా ఒకేలా ఉండటమన్న మాట.

మీ కత్తిలో లోపం ఉందో లేదో కొంతవరకు మీరే తెలుసుకోవచ్చు. మంచి వెలుతురులో, భూతద్దంతో, ముక్క ఊడిన చోట ఉక్కు ముఖాన్ని చూడండి. అంతా ఒకే రకమైన లేత బూడిద రంగులో, సన్నని పొడి అద్దినట్టు కనిపిస్తే అది అప్పటికప్పుడు తగిలిన దెబ్బకు ఊడినదే. అందులో ఒక మూల నల్లగా గానీ గోధుమ, నీలి ఛాయల్లో గానీ ఉంటే, ఆ మేరకు పగులు అంతకు ముందునుంచే ఉండి ఉండాలి. చల్లార్చేటప్పుడు ఏర్పడిన పగులు ఆ తర్వాతి కాపులో గాలి తగిలి ఇలా రంగు మారుతుంది. నీళ్లు తగిలి తర్వాత పట్టిన తుప్పు కూడా గోధుమ రంగులోనే ఉంటుంది కనుక, విరిగిన వెంటనే తీసిన ఫొటోకు విలువ ఎక్కువ. రేణువులు ముతక చక్కెరలా పెద్దవిగా మెరుస్తుంటే అతిగా కాచారన్న అనుమానానికి ఆధారం ఉన్నట్టే. ఈ రెంటిలో ఏది కనిపించినా, ఆ ఫొటోను దగ్గరగా తీసి, పక్కన స్కేలు పెట్టి పంపండి. "కత్తి పాడైంది" అన్న ఫిర్యాదుకూ దీనికీ కంపెనీవారి స్పందనలో తేడా ఉంటుంది.

లోపం కనిపించకపోయినా మీకు ఇంకొక వాదన మిగిలే ఉంది. ప్రకటనల్లో, ప్యాకింగ్ మీద కట్టె చీలుస్తున్న బొమ్మ వేసి అమ్మిన కంపెనీ, అదే పనిలో వాదర ఊడితే దురుపయోగం అనడం నా దృష్టిలో న్యాయం కాదు. ఆ బొమ్మను ఫిర్యాదుకు జతచేయండి. ఎలా వాడారో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాయండి. సుత్తి దెబ్బ ఉక్కు వెన్ను మీద వదిలే గుర్తు వేరు, కట్టె దెబ్బ వేరు, చూసేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. చివరికి మార్చి ఇవ్వకపోయినా వాదరను తిరిగి సానబట్టి ఇమ్మని అడగండి, ఆ పనికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. జవాబు వచ్చేదాకా మీరు మాత్రం మిషన్ మీద సానబట్టకండి. నీళ్లు వాడని సాన బెల్టు మీద పలుచని వాదర క్షణాల్లో వేడెక్కుతుంది. అక్కడ నీలం రంగు తేలితే ఉక్కు గుణం పోయినట్టే, వారంటీ కూడా దానితో పోయినట్టే. ఇదే వేడి కొన్నిసార్లు ఫ్యాక్టరీలో చివరి పదును పెట్టేటప్పుడు కూడా తగులుతుంది. కొత్త కత్తి మొదట్లో పెచ్చులూడి, చేత్తో రెండుమూడుసార్లు సానబట్టాక కుదురుకోవడానికి ఒక కారణం అదే. మీ పెచ్చు ఒక మిల్లీమీటరుకు లోపే అయితే, వారంటీ జోలికి పోకుండా వాదర కోణాన్ని కాస్త పెంచి, వైపుకు 20 నుంచి 25 డిగ్రీల మధ్య సానబట్టుకుని వాడిచూడటమే తక్కువ శ్రమ.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్న కత్తికి ఒక్క వానలోనే చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది. నకిలీ ఉక్కు అంటగట్టారా?

జవాబు: అలా అనుకోనక్కరలేదు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు నెమ్మదిగా పడుతుందనే గానీ అసలు పట్టదని కాదు. నీటిలో పడినా పాడవని ఫోన్‌ను కూడా ఉప్పునీటిలో నానబెడితే హామీ వర్తించదు కదా. ఉక్కులో ఉన్న క్రోమియం మొత్తం తుప్పును ఆపడానికి అక్కరకు రాదు. కొంత కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా బిగుసుకుపోతుంది. డీ2 ఉక్కులో దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా తుప్పు పట్టేది అందుకే. సముద్రతీరంలో, పడవల మీద వాడేవారు కార్బన్‌కు బదులు నత్రజనిని ఆసరా చేసుకున్న ఎల్‌సీ200ఎన్ వంటి ఉక్కును ఎంచుకోవడం మంచిది.

మీరు కత్తిని తడి తోలు ఒరలోనే ఉంచి ఇంటికి తెచ్చి ఉంటారని నా అనుమానం. తోలు తడిని పట్టి ఉంచుతుంది, అందులోని టానిన్లు ఉక్కును కొరుకుతాయి. కాబట్టి తోలు ఒర నడుముకు తగిలించుకుని తిరగడానికే గానీ నెలల తరబడి కత్తిని దాచిపెట్టడానికి కాదు. ప్లాస్టిక్ ఒరలో ఈ బాధ తక్కువే అయినా, లోపల చేరిన ఇసుక రేణువులు కత్తి మీది పైపూతను గీకేస్తాయి. ఆ పూత ఎంత గట్టిదైనా సానబట్టిన వాదర మీద ఉండదు కాబట్టి తుప్పు మొదలయ్యేది కూడా అక్కడే. పైపైన పట్టిన చుక్కలు మెత్తని రాపిడి పేస్టుతో, చుక్క నూనెతో పోతాయి. గుంటలు పడితే మాత్రం పోవు. సాధారణంగా తుప్పును వారంటీ కిందికి తీసుకోరు కనుక దీని కోసం కత్తిని పార్సిల్ చేయడం దండగ.

ప్రశ్న: మడత కత్తి తెరిచినప్పుడు అలుగు అటూఇటూ కదులుతోంది. స్క్రూలు విప్పి సరిచేసుకుంటే వారంటీ పోతుందా?

జవాబు: పక్కకు కదలడం వేరు, పైకీ కిందికీ కదలడం వేరు. పక్కకు కదిలితే చాలాసార్లు ఇరుసు స్క్రూ వదులైందని అర్థం. తల పాడుకాకుండా సరైన సైజు టార్క్స్ బిట్‌తో (ఆరు మొనల నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్ మొన), ఒక్కోసారి కొద్దికొద్దిగా బిగించి చూడండి. అలుగు కదలడం ఆగాలి, తెరుచుకోవడం మాత్రం బరువెక్కకూడదు. మళ్లీమళ్లీ వదులవుతుంటే మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చిన్న చుక్క చాలు. ఎరుపు రంగుది వాడితే వేడి పెడితే గానీ స్క్రూ ఊడిరాదు. పైకీ కిందికీ ఆడుతుంటే లోపం, తెరిచిన అలుగును మడతపడకుండా ఆపే లాక్‌లో ఉన్నట్టు. అది వేళ్ల భద్రతకు సంబంధించినది కాబట్టి సొంత వైద్యం మానేసి కంపెనీకే పంపండి.

ఇరుసు బిగించినంత మాత్రాన వారంటీ పోయే కత్తి అరుదు. పూర్తిగా విప్పదీసే విషయంలో మాత్రం కంపెనీల తీరు ఒకేలా ఉండదు. సెబెంజా మడత కత్తులు చేసే క్రిస్ రీవ్ సంస్థ, విప్పి శుభ్రం చేసుకొమ్మని చెబుతూ రెంచీని కత్తితోపాటే ఇస్తుంది. మరికొన్ని కంపెనీలు విప్పవద్దంటాయి. తెరిచిన అలుగును ఒక అడ్డుకడ్డీ ఆపి ఉంచే లాక్ ఉన్న కత్తుల్లో ఆ కడ్డీని ముందుకు నెట్టే సన్నని తీగ స్ప్రింగులు రెండుంటాయి, అలుగుకు ఇటొకటి, అటొకటి. ఒకటి విరిగినా రెండోది పని నడిపిస్తుంది కనుక చాలామంది గమనించరు. లాక్ కడ్డీ ఒక వైపు నీరసంగా తోస్తే అదే కారణం. వారంటీ కింద పేచీ లేకుండా జరిగే మరమ్మతుల్లో ఇదొకటి.

ప్రశ్న: పేరున్న విదేశీ కంపెనీ కత్తిని ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో చవకగా కొన్నాను. వారంటీ నాకు వర్తిస్తుందా?

జవాబు: చాలా కంపెనీల్లో వర్తించదు, ఎందుకంటే హామీ మొదటి కొనుగోలుదారుకే పరిమితం. పైన చెప్పిన ఈఎస్ఈఈ వంటివి మినహాయింపు. వారంటీకంటే ముందు తేల్చుకోవాల్సింది అది అసలైనదేనా అన్నది. ప్రసిద్ధ మోడళ్లకు అచ్చుగుద్దినట్టుండే నకిలీలు మార్కెట్లో విరివిగా ఉన్నాయి, ఉక్కు పేరుతో సహా చెక్కేస్తారు. చెక్కిన అక్షరాల అంచులు, స్క్రూ తలల కొలత, బరువు, లాక్ అలుగును పట్టుకునే తీరు కంపెనీ వెబ్‌సైట్‌లోని వివరాలతో పోల్చి చూడండి. అనుమానం తీరకపోతే ఫొటోలతో కంపెనీ కస్టమర్ సర్వీస్‌కే రాయండి. అది నకిలీ అని తేలితే బాగుచేయడం వారి బాధ్యత కాదు.

అసలైనదే అని తేలితే, వారంటీ లేకున్నా డబ్బు తీసుకుని బాగుచేస్తారేమో అడగండి. అయితే విదేశానికి పంపే ముందు మూడు ఖర్చులు లెక్కవేసుకోవాలి: వెళ్లేటప్పటి పార్సిల్ ఖర్చు, తిరిగొచ్చేటప్పటి ఖర్చు, రిపేరుకు వెళ్లి వచ్చిన వస్తువని నిరూపించలేకపోతే పడే కస్టమ్స్ సుంకం. పంపేటప్పుడు పార్సిల్ కాగితాల మీద "మరమ్మతుకు, తిరిగి వచ్చే వస్తువు" అని రాయించి, ఆ నకలు మీ దగ్గర ఉంచుకోండి. వాదరను మందపాటి అట్టలో చుట్టి, టేపు వేసి, ఒర లేకుండా పంపండి. ఒరలు, తాళ్లు, పౌచీలు తిరిగి వస్తాయన్న హామీ ఉండదు. కొరియర్ సంస్థ కత్తులను తీసుకుంటుందో లేదో బుక్ చేయకముందే అడిగి తెలుసుకోండి.